ఏడాది నిండిన మంత్రి

"మాది వేళ్ళూనిన ప్రభుత్వం. ఇకమీదట మంత్రులు ఊరికే మారరు" అని ప్రధానమంత్రి టోక్యోలో ప్రకటించారు. ఆ మాట అచ్చయిన పేపరు మా ఒకిగురే దీవికి మూడో రోజు ఓడలో వచ్చింది. ఓడ మా రేవు వదిలేలోపే ఆ ప్రధానమంత్రి రాజీనామా చేశారని రేడియో చెప్పింది. కొత్తాయన వచ్చి అదే మైకు ముందు అదే మాట చెప్పారు. కాస్త గట్టిగా చెప్పారు. మా నాయకుల్లో ఈ నిలకడ చూసి మేం ఎప్పుడూ ముచ్చటపడుతుంటాం. మనుషులు మారినా మాట మారదు.

మంత్రులు మారడంలో తప్పేమీ లేదు. అధికార పార్టీలో మంత్రి కావలసినవాళ్ళు చాలామంది, కుర్చీలు కొన్ని. బడిలో పిల్లలు వంతులవారీగా గది ఊడ్చినట్టు వీళ్ళూ వంతులవారీగా పాలిస్తారు. వంతు అయ్యాక కూడా కూర్చునేవాణ్ణి చూసి వెనక నిలబడినవాళ్ళు దగ్గుతారు. అంతకన్నా ముందే దిగిపోవాలనుకునేవారికి ఇంకా సులువైన దారి ఉంది. విలేఖరుల ముందు మనసులో ఉన్నది ఒక్కటి చెబితే చాలు, సాయంత్రానికి దిగిపోవచ్చు.

దీనివల్ల దేశానికి ఏ నష్టమూ లేదు. మాకు మాత్రం చిన్న ఇబ్బంది. మా దీవికి ఆస్పత్రి పడవ కావాలి.

మా దీవిలో ఉన్న ఒక్క డాక్టరు ముసలితనం వచ్చి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆస్పత్రి అవతలి తీరంలో ఉంది. ఓడ రోజూ రాదు. చలికాలంలో అలలు లేస్తే వారాల తరబడి రాదు. నా భార్య హిసానోని స్క్విడ్ పట్టే నా పడవలో పడుకోబెట్టి తీసుకెళ్ళాను. అవతలి తీరం కనిపిస్తుండగా పోయింది. పోయినవాళ్ళ లెక్క ప్రభుత్వానికి పంపించాం. అందిందని జవాబు కూడా వచ్చింది. చక్కటి కాగితం.

ఇలాంటి అర్జీల సంగతి చూడటానికి టోక్యోలో మారుమూల దీవుల మంత్రిత్వ శాఖ ఉంది. అక్కడి నిబంధన ఏమిటంటే, పడవ అడిగితే మంత్రి స్వయంగా ఏడాదిపాటు సానుకూల కోణంలో పరిశీలించాలి. సముద్రం ఒక్కో ఋతువులో ఒక్కోలా ఉంటుంది కనుక అన్ని ఋతువులూ చూడాలి. ఏడాది నిండాక ముద్ర కొడతారు, పడవ వస్తుంది. మధ్యలో మంత్రి మారితే కొత్తాయన మళ్ళీ మొదటినుంచి పరిశీలిస్తారు. ఒకరి పరిశీలన ఇంకొకరి బుర్రలోకి ఎక్కదు కదా. నిబంధనలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అది పెట్టిన తరవాత ఆ కుర్చీలో ఏడాది కూర్చున్నవాడు లేడు, అంతే.

కాబట్టి కొత్త మంత్రి వచ్చినప్పుడల్లా మేం టోక్యో వెళ్ళి, వంగి దణ్ణం పెట్టి, ఎండు స్క్విడ్ కట్ట చేతికిచ్చి, పడవ అడుగుతాం. మేం అంటే ఇద్దరం. ఒకరు మా ఊరి పెద్ద ఇసోగాయ్ గెంపెయ్. ముప్పై ఏళ్ళుగా ఆయనే ఊరి పెద్ద. ఎన్నిక వచ్చినప్పుడల్లా ఎవరూ పోటీకి నిలబడరు, ఆయన వద్దనడు. రెండోవాణ్ణి నేను. ఇంట్లో ఎవరూ లేనివాడు మూట మోయడానికి పనికొస్తాడని నన్ను తీసుకెళతాడు.

ఈసారి పడవ నిజంగానే కావాలి. గెంపెయ్ భార్య తోమికి గుండె బాగాలేదు. అవతలి తీరం డాక్టరు పరీక్ష చేసి, "ఓడ రాని చోట ఇంకెన్ని చలికాలాలు గడుపుతారమ్మా" అన్నాడట. "మంత్రులనడగండి" అని ఈవిడ చెప్పి వచ్చింది.

బయలుదేరే రోజు తోమి స్క్విడ్ కట్ట మీద కాగితం చుడుతూ కుంచె చేత్తో పట్టుకుని ఆగింది.

"పేరు రాయనా, వదిలెయ్యనా?"

"రాయి. ఒగిసో తాదనోబుగారు" అన్నాడు గెంపెయ్.

"పోయినసారి రాసిచ్చాను. మీరు టోక్యోలో రైలు దిగేలోపు ఆయన పోయాడు. వచ్చినాయన చేతిలో పోయినాయన పేరు పెట్టొచ్చారు."

"ఆయనేం అనుకోలేదులే."

"అనుకోడానికి టైమెక్కడిది? 'మంత్రిగారికి' అని రాస్తా. ఎవడుంటే వాడు తింటాడు." రాసి, నా వైపు తిరిగింది. "కిసబురో, ఈయన ముసలాడా, పడుచాడా?"

"ముసలాయనే వదినా."

"అయితే చితక్కొట్టి కట్టాలి. పళ్ళుండవు."

టోక్యోలో మంత్రిగారి గది నిండా పూలకుండీలు. తెల్లటి ఆర్కిడ్ పూలు. కొత్త మంత్రికి అభినందనగా పంపుతారు. ఈ పూలు మూడు నెలలైనా వాడవు. మంత్రి మారితే కుండీకి కట్టిన చీటీ మారుస్తారు, పూలు అవే ఉంటాయి. ఈ సంగతి మాకు చెప్పింది శాఖ కార్యదర్శి సకామకిగారు. చాలా మర్యాదస్తులు. ఆయన గొంతు పెంచగా ఎవరూ విన్లేదు. ఏ పనైనా చేయగా కూడా ఎవరూ చూడలేదు.

ఒగిసోగారు పొట్టి మనిషి. ఆరుసార్లు గెలిచి, అన్నేళ్ళూ మంత్రి పదవి కోసం కాచుకుని, అందరికన్నా వెనక ఈ కుర్చీ అందుకున్నారు. ప్రమాణ స్వీకారానికి వెనక రెండు తోకలు వేలాడే తోక కోటు అద్దెకు తెచ్చుకోబోతే, "తొందరగా తిరిగిచ్చెయ్యండి సార్, వచ్చేవాళ్ళకి మాటిచ్చాను" అన్నాడట కొట్టువాడు. పౌరుషానికి పోయి కొనేశారు.

"మీ దీవి ఎక్కడుంది?" అని అడిగారు.

"సముద్రంలోనండి" అన్నాడు గెంపెయ్.

మంత్రిగారు తల పంకించారు. సకామకి రాసుకున్నారు.

"పడవ ఇవ్వడానికి నాకేం అభ్యంతరం? ఇప్పుడే కొట్టేస్తాను ముద్ర" అన్నారు ఒగిసో.

"కొట్టకూడదండి. తమరు ఏడాది పరిశీలించాలి" అన్నారు సకామకి.

"ఏడాది నేనుంటానా?"

"ఉండాలని శాఖ మొత్తం కోరుకుంటోందండి."

"ముందాయన విషయంలో కోరుకోలేదా?"

"చాలా కోరుకున్నామండి. వీడ్కోలు రోజు గుమ్మం దగ్గర వరసగా నిలబడి చప్పట్లు కొట్టాం. కొందరికి చేతులు వాచాయి."

ముందాయన ఒక సభలో, "దీవులవాళ్ళకి పడవలెందుకు, ఈత వచ్చుగా" అన్నారు. టీవీలో చూశాం. తోమి పడీపడీ నవ్వింది.

ఒగిసోగారు మమ్మల్ని వరండా దాకా సాగనంపారు. గోడ పొడవునా పాత మంత్రుల ఫోటోలు. చోటు చాలక మెట్ల పక్కకి తిరిగాయి. అన్నీ చిన్న ఫ్రేములే. మధ్యలో ఒకచోట పెద్ద మేకు ఖాళీగా ఉంది. ఏడాది నిండిన మంత్రికి పెద్ద ఫ్రేము అట. ఆయన ఆ మేకు కింద నిలబడి పైకి చూశారు. ఆకలేసినవాడు హోటలు అద్దంలోంచి చూసినట్టు చూశారు.

"మా నియోజకవర్గంవాళ్ళు బస్సులేసుకుని చూడ్డానికి వస్తారండీ" అన్నారు, ఎవరితోనో అన్నట్టు. "చిన్న ఫ్రేము చూపించి పంపిస్తే నవ్వుతారు."

గెంపెయ్‌కి అప్పుడు ఉపాయం తట్టింది. ముప్పై ఏళ్ళు కుర్చీలో ఉన్నవాడికి ఇలాంటివి తడతాయి.

"మంత్రిగారూ, మా దీవికి తనిఖీకి రండి. విలేఖరి లేడు, టీవీ వాడు లేడు. తమరు ఏం మాట్లాడినా అలల్లో కలిసిపోతుంది. తమరి ఏడాదీ నిండుతుంది, మా పడవా వస్తుంది."

మంత్రిగారు మేకు వంక ఇంకోసారి చూశారు.

ఆకురాలే కాలంలో, రెండు రోజులకని వచ్చారు. తోక కోటు వేసుకుని ఓడ దిగారు. మూడో రోజు అలలు లేచాయి. ఓడ ఆగిపోయింది. అదే వారంలో టోక్యోలో ప్రభుత్వం పడిపోయింది. ఊరి ఆఫీసుకి సకామకి ఫోన్ చేశారు. ఫోన్ స్పీకర్లో పెట్టారు కనుక ఆఫీసులో ఉన్నవాళ్ళం అందరం విన్నాం.

"తమరి రాజీనామా లేఖ కావాలండి. మంత్రులందరివీ కలిపి ఒకేసారి ప్రధానిగారి చేతికివ్వడం ఆచారం."

"ఫ్యాక్సులో పంపనా?"

"అసలు కాగితం, అసలు ముద్ర ఉండాలండి."

"ఓడ లేదు కదయ్యా."

"అవునండి. అలలు తగ్గేలా చూడగలరా?"

మంత్రిగారు కిటికీలోంచి సముద్రం వంక చూసి, తన వల్ల కాదని ఒప్పుకున్నారు. ఇంత నిజాయితీ ఈ రోజుల్లో తక్కువ.

మర్నాడు మళ్ళీ ఫోన్ వచ్చింది.

"ఏమైంది?" అని ఒగిసో అడిగారు.

"మంత్రులందరూ రాజీనామా చేశారని ప్రకటించేశామండి."

"నేను చెయ్యలేదుగా?"

"ఒకటి తగ్గిందని ఒప్పుకుంటే, లెక్క సరిచూసినవాళ్ళం అందరం టీవీ ముందు వరసగా నిలబడి తలలు వంచి క్షమాపణ చెప్పాలండి. సరిచూసినవాళ్ళలో నేనూ ఉన్నాను."

"మరి నా చోట ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదండి. తమరి లేఖ అందలేదు కనుక చోటు ఖాళీ కాలేదు. ఖాళీ కాని చోట ఎవరినీ వెయ్యరు."

"అయితే నేనింకా మంత్రినేనా?"

ఫోన్లో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినపడింది.

"చలిగాలి తగలకుండా చూసుకోండి" అని సకామకి ఫోన్ పెట్టేశారు.

గెంపెయ్ బల్ల మీద చరిచాడు. పరిగెత్తుకెళ్ళి తోమికి చెప్పాడు. తోమి బియ్యం కడుగుతోంది. "అయితే ఇంకో గుప్పెడు వెయ్యాలి" అంది.

ఇలా ఒక దేశపు మంత్రిని మా దీవి దాచుకుంది. అలలు తగ్గి ఓడ వచ్చింది. ఆయన ఎక్కలేదు. ఆయన ఎక్కకుండా మేం చూశామని కొందరంటారు. రేవు దగ్గర నలుగురం అడ్డంగా నిలబడి ఉన్నమాట నిజమే. ఆయన కూడా పెద్దగా తోసుకోలేదు. ఆ చలికాలంలోనే టోక్యోలో ఇంకో ప్రభుత్వం మారింది. అందులోనూ అందరూ రాజీనామా చేశారు. ఈసారి ఈయన్ని ఎవరూ అడగలేదు. పోయినసారి చేసేసినవాణ్ణి మళ్ళీ ఎలా అడుగుతారు?

ఈ కాలమంతా శాఖ పని ఏ ఆటంకమూ లేకుండా సాగిందని సకామకి ఫోన్లో చెప్పారు. మంత్రి లేనప్పుడు ఫైళ్ళు కుదురుగా ఉంటాయట.

తోమి ఆయన్ని ఒక దారిలో పెట్టింది. తోక కోటు విప్పించి గెంపెయ్ పాత స్వెటరు తొడిగింది. స్క్విడ్ కడిగి తాళ్ళకి ఆరవెయ్యడం నేర్పింది. తెలియని మనిషి ఎవరైనా కనిపిస్తే నోరు తెరవొద్దంది. ఆయనకి అది ఒక్కటే రాలేదు.

మంచు కరిగాక ఒక పేపరు విలేఖరి అమ్మాయి ఓడ దిగింది. పేరు హొజుమి. ఎండు స్క్విడ్ మీద వ్యాసం రాయాలట. అప్పటికి ఒగిసోని దాచే టైము లేదు. తాళ్ళ పక్కనే నిలబడి ఉన్నారు.

"ఈయన ఎవరండీ?" అంది హొజుమి.

"మా పెద్దమ్మ కొడుకు. నోటి దురద" అంది తోమి.

"తాతగారూ, ప్రభుత్వం గురించి మీ అభిప్రాయం చెబుతారా?"

తోమి తడి స్క్విడ్ తీసుకుని ఆయన నోటికి అడ్డంగా తాడు మీద వేసింది. ఆయన స్క్విడ్ పక్కకి తొలగించి చెప్పారు.

"మంత్రులా? ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. సంతకం పెట్టమన్నచోట పెట్టేవాడికి బుర్రతో పనేముంది? నన్నడిగితే ఆ కుర్చీలో స్క్విడ్‌ని కూర్చోబెట్టినా దేశం నడుస్తుంది."

మంత్రి అయ్యుండి ఈ మాటంటే సాయంత్రానికి ఇంటికి పోవాలి. ఆ వారం పేపర్లో ఇది "అలల నుంచి పుట్టిన వివేకం" అనే శీర్షిక కింద వచ్చింది. పక్కన ఫోటో కూడా వేశారు. కొత్త ప్రధానమంత్రి పార్లమెంటులో ఆ మాట చదివి వినిపించి, సామాన్యుడి గుండెచప్పుడు వినాలని మంత్రులకి హితవు చెప్పారట. ఫోటోలో ఉన్నది తన మంత్రేనని ఎవరూ గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడానికి ముందు ఎవరైనా చూసి ఉండాలి కదా.

దీనికి ముందు, చలికాలం నడుమ, ఒక మధ్యాహ్నం తోమి పొయ్యి దగ్గర కూలబడింది. పెదాలు నల్లబడ్డాయి. సముద్రం రేవుగోడ దాటి రోడ్డు మీద పడుతోంది. గెంపెయ్ ఊరి ఆఫీసులో ఫోన్ పట్టుకుని అవతలి తీరాన్ని అడుగుతున్నాడు. అవతలివాళ్ళు అలలు తగ్గాక పంపిస్తామంటున్నారు. నేను నా పడవ తాడు విప్పడానికి లేచాను. మళ్ళీ కూర్చున్నాను. ఆ దారి నాకు తెలుసు.

ఒగిసో ఆమె చేతులు రుద్దుతూ కూర్చున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

"నీళ్ళు కార్చేకన్నా ముద్ర కొట్టు" అన్నాను. మంత్రిని 'నువ్వు' అనడం అదే మొదటిసారి.

"ముద్ర టోక్యోలో ఉంది కిసబురో. ఉన్నా ఏడాది నిండలేదు."

సాయంత్రానికి తోమికి రంగు తిరిగింది. కళ్ళు తెరిచి ఆయన్ని చూసింది.

"నేను పోతానని ఏడుస్తున్నావా, నీ ఏడాది పోతుందని ఏడుస్తున్నావా?"

ఆయన కాసేపు ఆలోచించాడు.

"రెండూ, అక్కా" అన్నాడు.

"పోనీలే. ఒక్కటే అని ఉంటే నమ్మేదాన్ని కాదు" అంది తోమి.

మళ్ళీ ఆకురాలే కాలం వచ్చింది. ఏడాది నిండింది. ఆ ఉదయం ఓడలో సకామకి దిగారు. ఒక చేతిలో ఫైలు, ఒక చేతిలో ముద్ర పెట్టె. సముద్రం పడక మొహం పాలిపోయి ఉంది. అయినా దిగగానే వంగి నమస్కారం పెట్టారు.

ఊరి హాల్లో అందరం చేరాం. ఒగిసో తోక కోటు వేసుకున్నారు. ఏడాదిపాటు తోమి వంట తిన్నందున ముందు గుండీలు పట్టలేదు. బల్ల మీద ఫైలు తెరిచి పెట్టారు. పక్కన ఎర్ర సిరా. తోమి ముందు వరసలో దిండు మీద కూర్చుంది. గెంపెయ్ ఉపన్యాసం రాసుకుని వచ్చాడు. మంత్రిగారిది సముద్రమంత ఓర్పు అని, రేవుగోడలాంటి స్థిరత్వమని అందులో ఉంది.

మంత్రిగారు ముద్రకి సిరా అద్ది, చెయ్యెత్తి, ఆగారు.

"సకామకీ, ఇది కొట్టాక ఏమవుతుంది?"

"నిబంధన ప్రకారం రాజపత్రంలో అచ్చవ్వాలండి. తమరి పేరుతో."

"అది ఎవరు చూస్తారు?"

"ప్రధానమంత్రి కార్యాలయం చూస్తుందండి. తమరు ఉన్నట్టు అప్పుడు తెలుస్తుంది."

"తెలిస్తే?"

"తమరి సుదీర్ఘ సేవలని కొనియాడుతారండి. ఆ సాయంత్రమే."

కొనియాడటమంటే ఏమిటో హాల్లో అందరికీ తెలుసు. మంత్రిగారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ముద్ర మీది సిరా ఆరుతోంది. చివరికి గొంతు సవరించుకున్నారు.

"ప్రియమైన ఒకిగురే వాసులారా. సముద్రం చాలా లోతైనది. ఇంకొంతకాలం సానుకూల కోణంలో..."

తోమి దిండు మీంచి లేవలేదు. గొంతు కూడా పెంచలేదు.

"పరిశీలించు నాయనా, నీకు తీరినంత కాలం పరిశీలించు. ఈ పూట నుంచి అన్నం మాత్రం ప్రధానమంత్రి ఆఫీసు నుంచి తెప్పించుకో."

ఒగిసో ఆమె వంక చూశారు. మళ్ళీ సిరా అద్దారు. ముద్ర కొట్టారు. తరవాత హాలంతా చప్పట్లు. గెంపెయ్ ఉపన్యాసం కింద పడేసుకుని ఏడ్చాడు. నేను చప్పట్లు కొట్టలేదు. హిసానో గుర్తొచ్చి చేతులు కదల్లేదు.

సకామకి ఎర్రటి ముద్ర మీద ఊదారు. సిరా ఆరిందని చూసుకుని ఫైలు మూసి, అందరికన్నా కిందికి వంగి నమస్కరించారు.

"పడవ ఎప్పుడొస్తుందండి?" అని గెంపెయ్ అడిగాడు. "మంచు పడేలోపు వస్తుందా?"

"ఈ ముద్ర చెల్లదండి" అన్నారు సకామకి, వంగే ఉండి.

"ఎందుకు చెల్లదు? ఏడాది నిండిందిగా."

"నిండిందండి. కానీ నిరుడు మంత్రులందరూ రాజీనామా చేశారని ప్రభుత్వం ప్రకటించింది. ప్రభుత్వ ప్రకటన తప్పు కాకూడదు కదండీ. అందులో ఒగిసోగారు కూడా ఉన్నారు. కనుక ఇది మంత్రిగారి ముద్ర కాదు."

"అయితే వేరే మంత్రిని వెయ్యండి. మళ్ళీ మొదటినుంచి చూస్తాడు."

"వెయ్యలేమండి. ఒగిసోగారి లేఖ అందలేదు కనుక చోటు ఖాళీగా లేదు."

హాల్లో ఎవరో దగ్గారు. గెంపెయ్ వేళ్ళ మీద ఏదో లెక్క వెయ్యబోయి మానేశాడు.

"ఇదంతా తెలిసి ఫైలు మోసుకుని ఎందుకొచ్చావయ్యా, ఆ అలల్లో?" అంది తోమి.

"ఏడాది నిండితే ఫైలు తీసుకురావడం నా బాధ్యత అమ్మా. చెల్లుతుందా లేదా అన్నది వేరే విభాగంవాళ్ళది." సకామకి కొంచెం సిగ్గుపడ్డారు. "ఇంకొక సంగతి. నాకు బదిలీ అయింది. ఎల్లుండి నుంచి మత్స్య విభాగం. సెలవు తీసుకుని పోదామని కూడా వచ్చాను. నా చోటికి వచ్చేవారు చాలా సమర్థులు. వారికి మొదటినుంచి వివరించండి."

ఒగిసో చేతిలో ముద్ర ఇంకా ఉంది. సకామకి రెండు చేతులా మర్యాదగా దాన్ని తీసుకుని పెట్టెలో పెట్టుకున్నారు.

తోమి లేచి ఇంటికి వెళ్ళింది. సెలవు తీసుకునే అధికారిని రేవు దాకా సాగనంపడం మర్యాద కనుక మేం రేవుకి వెళ్ళాం. రెండు వరసల్లో నిలబడ్డాం. సకామకి మధ్యలోంచి నడిచారు. చప్పట్లు కొట్టాం. అలవాటు. అప్పుడు వరస చివర తోమి కనిపించింది. మూట వీపుకి కట్టుకుని ఉంది.

"ఎక్కడికే?" అన్నాడు గెంపెయ్.

"అవతలికి. మా అక్క కూతురి ఇల్లు ఆస్పత్రి వెనక వీధిలో ఉంది."

"పడవ వస్తుంది తోమీ. కొత్త కార్యదర్శికి చెబుతాను. నేను చెబుతానుగా."

"చెప్పు. అది వస్తే ఎక్కి వచ్చి చూస్తా."

"మరి నేను?"

"నువ్వు ఊరి పెద్దవి" అంది తోమి.

అందులో వెటకారం ఉందో లేదో నాకు తెలియలేదు. నా దగ్గరికొచ్చి, "కిసబురో, ఈ ఇద్దరికీ అన్నం ఎలా వండాలో చూపించు. ఒకడికి గంజి కారుతుంది, ఒకడికి మాడుతుంది" అంది. సరేనన్నాను. హిసానోకి నేను ఇలా ముందే అవతలికి వెళ్ళిపోయే దారి చూపించలేదు. ఎవరూ ఎవరికీ చూపించలేదు. అందరం పడవ కోసం చూశాం.

ఒగిసో మూట అందుకుని ఓడ మీద పెట్టి వచ్చాడు. దిగుతూ సకామకిని అడిగాడు.

"మరి ఇప్పుడు నేనెవర్ని?"

"ఏడాదిగా ఇక్కడే ఉంటున్నారు కనుక ఒకిగురే వాసి కిందికి వస్తారండి." సకామకి మొహంలో మొదటిసారి సంతోషం కనిపించింది. "ఒకరు వెళ్ళారు, ఒకరు చేరారు. దీవి జనాభా తగ్గలేదు. నివేదికలో బాగుంటుంది."

ఓడ ఎక్కడానికి వేసిన పలక తియ్యడానికి ఆ రోజు చాలాసేపు పట్టింది. తాడు చిక్కుపడింది. గెంపెయ్ పలక పక్కనే నిలబడ్డాడు. ఒక కాలు దాని మీద కూడా పెట్టాడు. చిక్కు విడిపోయింది, కాలు తీసేశాడు. మర్నాడు పదింటికి ఊరి ఆఫీసులో మీటింగుందని నాతో అన్నాడు.

రెండు వారాలకి మంత్రిత్వ శాఖ నుంచి ఒక అభినందన సందేశం వచ్చింది. కొత్త కార్యదర్శిగారి మొదటి పని అది. దీవి ప్రజలందరికీ వినిపించాలని కింద రాశారు. గెంపెయ్ ఊరి ఆఫీసులో మైకు ముందు కూర్చున్నాడు. మా దీవిలో ప్రకటనలన్నీ స్తంభాలకి కట్టిన స్పీకర్లలో వస్తాయి. ఒక స్తంభం ఆయన ఇంటి ముందే ఉంది. నేను ఆ ఇంట్లో బియ్యం నానబోస్తున్నాను. ఒగిసో వాకిట్లో తాళ్ళు కడుతున్నాడు.

"ఒకిగురే ప్రజలకి విజ్ఞప్తి" అంది స్పీకరు. "మారుమూల దీవుల మంత్రిత్వ శాఖ సుస్థిర కృషి ఫలితంగా, మన దీవిలో గుండె జబ్బుతో బాధపడేవారి సంఖ్య సున్నాకి చేరింది. దేశంలోని దీవులన్నిటికీ మనం ఆదర్శమని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం."

మా దగ్గర ఏ ప్రకటననైనా రెండుసార్లు చదువుతారు. గాలికి మొదటిసారి వినపడని ఇళ్ళుంటాయి. మంత్రి మారినా చదివేది రెండుసార్లే, తుఫాను వచ్చినా రెండుసార్లే. ముప్పై ఏళ్ళలో గెంపెయ్ ఎప్పుడూ తప్పలేదు.

నేను బియ్యంలో చెయ్యి పెట్టుకుని ఆగాను. ఒగిసో తాడు పట్టుకుని స్తంభం వైపు తలెత్తాడు. స్పీకరు ఆగలేదు. గరగరమంటూనే ఉంది. లోపల ఎవరో ఊపిరి తీసుకున్నట్టు వినిపించింది. తరవాత టక్కుమని ఆగిపోయింది.

ఆ రోజు గాలి లేదు. అందరికీ మొదటిసారే వినపడింది.